సొంత మాను, సొంత దూలం

బద్వేలు వైపు కోతమిల్లు అంటే రైతు తన యాపమానును ట్రాక్టరు మీద వేసుకొని వెళ్లే చోటు. నేను ఒక కోతమిల్లులో రంపాలకు సాన పట్టే ఉద్యోగం చేస్తున్న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, కొందరు రైతులు మిల్లునే బండికి తగిలించుకొని చెట్టు దగ్గరికి తెచ్చుకుంటారు. నాతో పనిచేసే ఒక పెద్దాయన తన స్థలంలోని డగ్లస్ ఫర్ చెట్లను అలాగే కోయించినప్పుడు సెలవు రోజుల్లో నేనూ సాయం వెళ్లాను.

ఆ చిన్న మిల్లుకు ఉండే, పట్టీలా సన్నగా తిరిగే బ్యాండ్ రంపం ఒక్కో కోతకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చెక్కను మాత్రమే పొట్టు చేస్తుంది. మన మిల్లుల్లో ఇంకా కనిపించే గుండ్రటి రంపం 6 మిల్లీమీటర్ల దాకా తింటుంది కనుక, అంగుళం పలకలు పది తీసేసరికి ఈ తేడాలోనే ఒక పలక మిగులుతుంది.

అయినా కోత సులువైన పని, కష్టమంతా ఆరబెట్టడంలో ఉంది. పలకలను నేలకు ఎత్తుగా పేర్చి, వరుసకూ వరుసకూ నడుమ ఒకే మందం గల పుల్లలు పెట్టాలి. పై పుల్ల సరిగ్గా కింది పుల్ల మీదికే రాకపోతే పలక వంకర పోతుంది. అంగుళం మందానికి ఒక ఏడాది అని అక్కడివారి మోటు లెక్క, కానీ మెత్తని కలప మంచి వేసవిలో అంతకన్నా ముందే ఆరుతుంది. ఒరెగాన్ పడమటి భాగంలో చలికాలమంతా వాన కాబట్టి వారికి బూజు భయం. ఈ సంగతి చెబితే మా చిన్నాయన నవ్వి, "మన ఎండకు బూజు యాడ పడ్తాది నాయనా, పగలడమే మన బాధ" అన్నాడు. 40 డిగ్రీలు దాటిన వేడిగాలికి దుంగ కొసల్లోని తేమ ముందే పోయి, లోపల ఇంకా పచ్చిగా ఉండగానే కొసలు చీలుతాయి. అందుకే వాళ్లు కొసలకు మైనం పూస్తే, చిన్నాయన పేడ అలికి దుంగను నీడలో పడేస్తాడు.

ప్రభుత్వం అడ్డు నిలిచే చోటు కూడా రెండు దేశాల్లో ఒకటి కాదు. మా జిల్లాలో గట్టు మీది చెట్టు సొంతదే అయినా, మినహాయించిన జాతులు తప్ప మిగతావి కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఎర్రచందనమైతే పట్టా భూమిలో నాటుకున్నదైనా అటవీ శాఖ ఒప్పుకోనిదే కదలదు. దూలంగా మారిన తరువాత అది ఎంత బరువు మోస్తుందని మాత్రం అడిగే అధికారి లేడు, మేస్త్రి చేవ చూసి చెప్పిందే ప్రమాణం. పెద్దాయనకు చిక్కు చెట్టు దగ్గర రాలేదు, ఇంటి దగ్గర వచ్చింది. అక్కడి గృహ నిర్మాణ నియమావళి ప్రకారం భారం మోసే కలపకు దాని నాణ్యత స్థాయిని తెలిపే గ్రేడు ముద్ర గానీ తనిఖీ పత్రం గానీ ఉండాలి, అయితే కొన్ని రాష్ట్రాలు సొంత కలపకు సడలింపు ఇచ్చాయి. వ్యవసాయ కొట్టానికి ఆ పట్టింపు లేదు కనుక ఆయన తన కలపతో కొట్టం కట్టుకొని, ఇంటికి కలిపిన గదికి ముద్ర ఉన్న కలపను దుకాణంలో కొన్నాడు. ఏటేటా పడే వలయాలు చిక్కగా ఉంటే కలప గట్టిదంటారు, ఆ కొన్నదాని వలయాలు ఆయన చెట్ల వలయాలంత చిక్కగా కూడా లేవు!

ఆ ముద్రను నేను తేలికగా తీసిపారేయను. మట్టిమిద్దెకు మనవాళ్లు అవసరానికి మించిన లావు దూలాలు వేసేవారు కనుక మేస్త్రి చూపు సరిపోయింది. అయితే అమెరికాలో లాగా రెండు బై నాలుగు అని పిలుస్తూ నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాల కర్రలతో గోడలు లేపే చోట, దాగిన ఒక్క ముడి కూడా కర్ర బలాన్ని తగ్గిస్తుంది.