పొద్దున్నే ఆరు శబ్దాలు

ఆపరేషన్ అయితే పాప వినేస్తుందని బంధువులు అనుకున్నారు గానీ, లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరమైన కాక్లియర్ ఇంప్లాంట్‌తో అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పొద్దున్నే చెవి వెనుక, శబ్దాన్ని అందుకునే ప్రాసెసర్ తగిలించి, దాన్ని లోపలికి పంపే, అయస్కాంతమున్న కాయిల్ తలకు అంటుకున్నాక, సరిగా వినబడుతోందో లేదో చూడటానికి, నా పెదవులు కనబడకుండా వెనుక కూర్చుని ‘ఆ, ఊ, ఈ, మ్, ష్, స్’ అని ఒక్కొక్కటిగా పలుకుతాను. వినబడిన ప్రతిసారీ పాప గిన్నెలో ఒక చింతపిక్క వేస్తుంది. నిన్న ‘స్’ అన్నప్పుడు పిక్క చేతిలోనే ఉండిపోయింది, మైక్రోఫోన్ కవర్ మార్చాక గిన్నెలో పడింది. చెమటకు ప్రాసెసర్ పాడవకుండా, ముఖ్యంగా మన విజయవాడ ఉక్కపోతలో, రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో ఆరబెట్టడం తప్పనిసరి. తరగతి మధ్యలో బ్యాటరీ అయిపోతే పాపకు ఏమీ వినబడదు కనుక, విడి బ్యాటరీలు బడి సంచిలో ఉంచి, మార్చే పద్ధతిని టీచరుగారికి కూడా చూపించాను.