సిస్‌లాగ్ ప్రిపరేషన్: లాగ్‌లో వచ్చిన లైనే కాదు, రాని లైనూ చదవాలి

సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ 200-301కి చదివేవాళ్లలో చాలామంది సిస్‌లాగ్‌ను (రూటర్లు, స్విచ్‌లు తమలో జరిగినదాన్ని మెసేజ్‌లుగా నమోదు చేసే పద్ధతిని) ఎనిమిది పదాల బట్టీతో ముగించేస్తారు. సిలబస్‌లో 4.5 కింద ఉన్నది ఒక్క లైనే, అది ఉన్న ఐపీ సర్వీసెస్ విభాగానికి వెయిటేజీ 10 శాతమే. అందుకే ఒక పూటలో అయిపోతుందనిపిస్తుంది. కానీ ఇంటర్‌ఫేస్ (కేబుల్ తగిలించే పోర్టు) ఎందుకు పడిపోయిందని ఎక్కడ అడిగినా ముందుగా చేతికందే ఆధారం ఈ లాగ్ లైనే. దీనికి ల్యాబ్‌తో కలిపి రెండు రోజులు కేటాయించండి.

తీవ్రత లెవల్‌లను (సివిరిటీ) ఎలాగూ బట్టీ పట్టాలి: 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటిఫికేషన్, 6 ఇన్ఫర్మేషనల్, 7 డీబగ్గింగ్. నంబరు తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. లెవల్ 4 పెడితే 0 నుంచి 4 దాకా అన్నీ వస్తాయి, 5, 6, 7 రావు. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పులు జరిగేది దీని తర్వాతే.

ఇంటర్‌ఫేస్‌కు సంబంధించి మూడు మెసేజ్‌లు గట్టిగా గుర్తుండాలి. ఫిజికల్ లింక్ పడినా లేచినా వచ్చేది %లింక్-3-అప్‌డౌన్. లైన్ ప్రోటోకాల్ (ఆ లింక్ మీద రెండు వైపులా డేటా మాట్లాడుకోగల స్థితి) మారితే వచ్చేది %లైన్‌ప్రోటో-5-అప్‌డౌన్. ఎవరైనా షట్‌డౌన్ (ఇంటర్‌ఫేస్‌ను ఆపే కమాండ్) కొడితే వచ్చేది %లింక్-5-చేంజ్డ్, చివర్లో 'అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్' అని ఉంటుంది. శాతం గుర్తు పక్కన ఉన్నది ఫెసిలిటీ (మెసేజ్ ఏ భాగం నుంచి వచ్చిందో), మధ్య అంకె సివిరిటీ, మూడోది నెమోనిక్ (మెసేజ్‌కు పొట్టి పేరు). మొదటి రెండింటికీ నెమోనిక్ ఒకటే. కాబట్టి అప్‌డౌన్ అన్న మాట చూసి ఆగిపోకండి, ఫెసిలిటీ దాకా చదవండి.

ఇప్పుడు ఆ అంకెలను కలిపి చూడండి. సిస్‌లాగ్ సర్వర్‌కు (లాగ్‌లను సేకరించి దాచే కంప్యూటర్‌కు) పంపే లెవల్‌ను 'లాగింగ్ ట్రాప్ 4' అని పెట్టారనుకుందాం. కేబుల్ ఊడితే సర్వర్‌లో లైను పడుతుంది, ఎందుకంటే అది 3. రూటర్‌లో ఎవరో షట్‌డౌన్ కొడితే ఏమీ పడదు, అది 5. అరగంట తర్వాత నో షట్‌డౌన్ (తిరిగి ఆన్ చేసే కమాండ్) కొడితే మాత్రం లింక్-3 'అప్' అని వచ్చేస్తుంది. అంటే ముందు 'డౌన్' లేకుండా ఉత్త 'అప్' ఒక్కటే కనిపిస్తే, ఇంటర్‌ఫేస్‌ను మనిషే ఆపి ఉంటాడని మొదట అనుమానించాలి. ఇంటర్‌ఫేస్‌లను గమనించాలంటే లెవల్ 5కి తగ్గకుండా ఉండాలని చెప్పేది ఇందుకే. ట్రాప్ డిఫాల్ట్ 6 కాబట్టి, దాన్ని ముట్టుకోకపోతే ఈ ఇబ్బందే లేదు.

ఒక హెచ్చరిక. ప్యాకెట్ ట్రేసర్‌లో (సిస్కో సిమ్యులేటర్) నో షట్‌డౌన్ కొడితే %లింక్-5-చేంజ్డ్ 'అప్' అని చూపిస్తుంది. అసలు ఐఓఎస్‌లో (సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) రూటర్ ఇచ్చేది %లింక్-3-అప్‌డౌన్. ల్యాబ్‌లో చూసిందే నిజమని నోట్సులో రాసుకోకండి.

జతలో ఒకటి లేకపోవడమే అన్నిటికన్నా విలువైన ఆధారం. లింక్-3 'అప్' వచ్చి, దాని వెనకే రావాల్సిన లైన్‌ప్రోటో 'అప్' రాకపోతే, కేబుల్‌ను వదిలేసి లేయర్ 2కి (కేబుల్‌కు పైన ఉండే డేటా లింక్ పొరకు) వెళ్లండి. సీరియల్ లింక్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వైపులా హెచ్‌డీఎల్‌సీ నడుస్తుండగా ఒక రూటర్‌లో ఎన్‌క్యాప్సులేషన్‌ను (లింక్ మీద డేటాను ప్యాక్ చేసే పద్ధతి; హెచ్‌డీఎల్‌సీ, పీపీపీ అలాంటివే) పీపీపీకి మార్చండి. ఆ వైపు లైన్ ప్రోటోకాల్ వెంటనే పడిపోతుంది. అవతలి వైపు కీప్‌అలైవ్ (బతికే ఉన్నానని చెప్పే మెసేజ్) 10 సెకన్లకు ఒకటి, మూడు తప్పితేనే పడుతుంది కాబట్టి 30 సెకన్ల దాకా పట్టొచ్చు. ఇంతసేపూ లింక్-3 మెసేజ్ ఒక్కటీ రాదు. రెండు లాగ్‌లూ పక్కపక్కన పెడితే ముందు పడిన వైపే మార్పు జరిగిందని తెలిసిపోతుంది. అక్కడే %సిస్-5-కాన్ఫిగ్_ఐ కూడా దొరుకుతుంది. అయితే అది కాన్ఫిగ్ మోడ్ నుంచి బయటికి వచ్చినప్పుడు పడే లైను, కమాండ్ కొట్టిన క్షణం కాదు.

ఈ పోలిక కుదరాలంటే రెండు గడియారాలూ ఒకటే చెప్పాలి. ఎన్‌టీపీ (గడియారాలను సరిచేసే ప్రోటోకాల్) పెట్టి, 'సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్' కొట్టండి. టైమ్ ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ గడియారాన్ని నమ్మకూడదు. చుక్క ఉంటే, ఒకప్పుడు సింక్ అయి తర్వాత ఎన్‌టీపీతో తెగిపోయిందని అర్థం. డేట్‌టైమ్ బదులు అప్‌టైమ్ (రూటర్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన సమయం) ఉంటే ఒక రోజు దాటాక 1డీ02హెచ్ లాగా రోజులు, గంటలే మిగులుతాయి. నిమిషాలే లేనిచోట 30 సెకన్ల తేడాను ఎక్కడ వెతుకుతాం?

అసలు లింక్ మెసేజే రాని లోపం డూప్లెక్స్ మిస్‌మ్యాచ్, అంటే ఒక వైపు ఫుల్ (ఒకేసారి పంపడం, అందుకోవడం), మరో వైపు హాఫ్ (ఒక్కోసారి ఒకటే) ఉండటం. లింక్ అప్, ప్రోటోకాల్ అప్, పింగ్ కూడా వెళ్తుంది, లోడు పడితే మాత్రం నత్తనడక. రెండు వైపులా సిస్కో పరికరాలుండి సీడీపీ (పక్క పరికరం వివరాలు తెలుసుకునే సిస్కో ప్రోటోకాల్) ఆన్‌లో ఉంటే %సీడీపీ-4-డూప్లెక్స్_మిస్‌మ్యాచ్ వస్తూనే ఉంటుంది. సీడీపీ ఆపేసినా, అవతల వేరే కంపెనీ పరికరం ఉన్నా లాగ్ మౌనంగా ఉంటుంది. అప్పుడు 'షో ఇంటర్‌ఫేసెస్' చూడాలి: హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీకొట్టడాలు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయిన ఫ్రేమ్‌లు), రంట్‌లు (మరీ పొట్టి ఫ్రేమ్‌లు). ముందు 'క్లియర్ కౌంటర్స్' కొట్టి, ట్రాఫిక్ పంపి, మళ్లీ చూడండి. పాత అంకెలను చూసి తేల్చేయకండి.

మెసేజ్‌లు చేరే చోట్లు నాలుగు. కన్సోల్‌కు వాటంతట అవే వస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయినప్పుడు) రావాలంటే ప్రతి సెషన్‌లోనూ 'టెర్మినల్ మానిటర్' కొట్టాలి. మిగిలినవి బఫర్ (రూటర్ సొంత మెమరీ), సర్వర్. కన్సోల్ వేగం 9600 బాడ్ అంటే, అక్షరానికి 10 బిట్ల లెక్కన, సెకనుకు 960 అక్షరాలు. టైమ్‌తో కలిపి లైన్‌ప్రోటో లైను 110 అక్షరాల వరకు ఉంటుంది కాబట్టి సెకనుకు 8, 9 లైన్లకు మించి పోవు. పదుల కొద్దీ ఇంటర్‌ఫేస్‌లు ఫ్లాప్ అవుతుంటే (పడుతూ లేస్తూ ఉంటే) ఆ భారం రూటర్ మీదే పడుతుంది. అందుకే కన్సోల్ లెవల్ తగ్గించి, బఫర్ సైజు పెంచుతారు.

సర్వర్‌కు పోయేది యూడీపీ (చేరిందో లేదో చూడని రవాణా పద్ధతి) పోర్టు 514 మీద. ప్యాకెట్‌ను క్యాప్చర్ చేస్తే మొదట్లో 189 లాంటి అంకె ఉంటుంది. ఫెసిలిటీ నంబరును 8తో గుణించి సివిరిటీ కలిపితే వచ్చేది అదే. ఇక్కడి ఫెసిలిటీ శాతం గుర్తు పక్కన ఉండేది కాదు, సర్వర్ కోసం వేసే వేరే నంబరు. సిస్కో డిఫాల్ట్ లోకల్7 అంటే 23, దాన్ని 8తో గుణిస్తే 184. దానికి 5 కలిపితే 189, అది లైన్‌ప్రోటో అయ్యుండొచ్చు. 187 అయితే సివిరిటీ 3. ఒకసారి చేత్తో లెక్కవేస్తే ఫెసిలిటీ, సివిరిటీ ఇక కలగాపులగం కావు.

ల్యాబ్‌లో నాలుగు లోపాలు సృష్టించండి: కేబుల్ తీయడం, షట్‌డౌన్, ఎన్‌క్యాప్సులేషన్ మార్చడం, డూప్లెక్స్ మార్చడం. ప్రతిదానికీ ఏ లైన్లు, ఏ వరుసలో వస్తాయో ముందే కాగితం మీద రాసి, ఆ తర్వాతే 'షో లాగింగ్' చూడండి. చివరగా, సర్వర్‌కు వెళ్లే ఒకే ఒక్క ఇంటర్‌ఫేస్ కేబుల్ తీసేయండి. ఆ డౌన్ మెసేజ్ సర్వర్‌కు చేరదు, యూడీపీ కాబట్టి మళ్లీ పంపడం కూడా ఉండదు. రూటర్ బఫర్‌లో మాత్రం ఉంటుంది. బఫర్ ఉండేది ర్యామ్‌లో కాబట్టి, అది చదివేదాకా రీలోడ్ జోలికి వెళ్లకండి.