‘శోచామి’ అన్న నారదుడు

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయం అనగానే మనలో చాలామంది నేరుగా భూమవిద్యకు, అంటే అనంతమైనదాన్ని గురించిన ఉపదేశానికి, ‘యో వై భూమా తత్సుఖమ్’ (ఏది అనంతమో అదే సుఖం) అన్న మాటకు పరుగెత్తుతాం. నా మనస్సు మాత్రం ఎన్నో ఏళ్లుగా ఆ అధ్యాయపు గుమ్మం దగ్గరే, మొదటి ఖండంలోనే ఆగిపోతోంది. ఉపదేశం కోరి వచ్చిన నారదునితో సనత్కుమారుడు అన్న తొలి మాట ‘యద్వేత్థ తేన మోపసీద’. నీకు ఏమేమి తెలుసునో అది చెప్పుకొని నా దగ్గర కూర్చో, ఆపైది నేను చెబుతాను అని.

నారదుడు లెక్క అప్పజెప్పాడు. నాలుగు వేదాలు, అయిదవదిగా ఇతిహాసపురాణం, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, సర్పవిద్య వరకూ ఏదీ వదలలేదు. అంత జాబితా చదివి, ఆ ఊపులోనే ‘మంత్రవిదేవాస్మి నాత్మవిత్’ అన్నాడు. మంత్రాలు ఎరుగుదును గాని నన్ను నేను ఎరుగను. ఆత్మవిదుడు శోకాన్ని దాటుతాడని మీవంటి వారి వల్ల విన్నాను, ‘సోఽహం భగవః శోచామి’, నేనేమో శోకిస్తున్నాను, ఆవలి ఒడ్డుకు చేర్చండి అని వేడుకున్నాడు.

ఈ ‘శోచామి’ అన్న ఒక్క క్రియాపదంలో నాకు ఉపనిషత్తు సగం కనబడుతుంది. ఆత్మవిదునికి శోకం ఉండదన్నది నారదుడు విన్న మాట; తనలో శోకం ఉన్నదన్నది తాను చూచుకున్న సంగతి; ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తాను ఆత్మవిదుడను కానని తేల్చుకున్నాడు. అన్ని శాస్త్రాలు చదివినవాడు సాక్ష్యం కోసం శాస్త్రంలోకి కాక తన గుండెలోకి చూచుకున్నాడు. మనది తిరగబడిన వరస. విన్నాం కనుక వచ్చేసిందనుకుంటాం. ‘అహం బ్రహ్మాస్మి’ అని ఫోనులో స్టేటస్ పెట్టుకొని, దాన్ని ఎందరు చూశారో పది నిమిషాలకు ఒకసారి తెరచి చూసుకొనేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మండే అర్హత నాకూ లేదు. ఒకనాడు గీతా పారాయణలో స్థితప్రజ్ఞ లక్షణాలు చదువుతూ ‘వీతరాగభయక్రోధః’ అన్నచోట చివరి అక్షరానికి ఒత్తు మింగి ‘క్రోదః’ అన్నాను. నా పిల్లల ఈడు కుర్రవాడొకడు వినయంగానే సరిదిద్దాడు. చెవులు వేడెక్కాయి. తరువాతి శ్లోకాలను నోరు చదువుకుపోయింది గాని, మనస్సు అతని ఉచ్చారణలో తప్పు దొరుకుతుందేమోనని కాచుకొని కూర్చుంది. క్రోధం విడిచినవాడే ముని అని చెప్పే శ్లోకం దగ్గరే నాకు క్రోధం వచ్చిందని ఇంటికి వచ్చాక గాని తట్టలేదు.

కోపతాపాలను గమనించుకోవడం వేరు, ఆత్మజ్ఞానం వేరు అని పెద్దలు అనవచ్చు. నిజమే, రెండూ ఒకటి కావు. అయినా అధ్యాయం చివర సనత్కుమారుడు చీకటికి ఆవలి ఒడ్డు చూపినది ఎవరికి? ‘మృదితకషాయాయ’, మనస్సుకు పట్టిన కషాయం, అంటే రాగద్వేషాల మరక, వదిలిపోయిన నారదునికి. మరక ఎక్కడ ఉందో చూడనివాడు దేన్ని ఉతుకుతాడు? దానికి ముందే వచ్చే ‘ఆహారశుద్ధౌ సత్త్వశుద్ధిః’ (ఆహారం శుద్ధమైతే మనస్సు శుద్ధమవుతుంది) అన్న మాటలో ఆహారమంటే ఇంద్రియాల ద్వారా లోపలికి వచ్చే విషయజ్ఞానమని శంకరులు భాష్యం చెప్పారు. కంచంలో ఏముందన్నదాని మీద గంటలు వాదించే మనం, ఆ రోజు చెవి ఏ నిందను ఇష్టంగా తిన్నదో ఒక్క నిమిషమైనా ప్రశ్నించుకోం. ప్రశ్నించుకోండి. జపమాల పక్కన పెట్టాక, నిద్రకు ముందు, ఈ రోజు ఎవరి మాట గుచ్చుకున్నదో, ఎందుకు గుచ్చుకున్నదో చూచుకోండి. సమర్థించుకోవద్దు, ఊరికే చూడండి.

మరుసటి వారం ఆ కుర్రవాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకొని, తప్పు పలికితే ఆపమన్నాను. రెండుసార్లు ఆపాడు. రెండవసారి చెవులు మళ్లీ వేడెక్కాయి గాని, ఈసారి వేడెక్కుతుండగానే తెలిసింది.