తిత్లీ తుపాను రాత్రి కూడా ప్రేమ కోసమేనా?

తుపాను గాలికి తలుపు కొట్టుకుంటుంటే ఇద్దరూ దగ్గరికి జరిగే సీన్ దగ్గర పుస్తకం మూసేశాను. కాంప్లెక్స్‌లో పలాస బస్సు ఇంకా రాలేదు, అయినా చదవబుద్ధి కాలేదు.

అవార్డు నవల, పైగా మా శ్రీకాకుళం ఉద్దానం కథ అన్నారు, ఎంత ఆశగా కొన్నానో. తీరా చూస్తే తిత్లీ వచ్చింది వీళ్లిద్దర్నీ ఒకే గదిలో చేర్చడానికి, అంతే. 2018 అక్టోబర్ 11న తెల్లారేసరికి కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయి, జీడితోటలు నేలమట్టమై, మళ్లీ కాపు చూడాలంటే ఏళ్లు పడుతుందని తెలిసి జనం తోటల్లోనే కూలబడిపోయారు. దాని గురించి ఒక్క పేరా లేదండీ!

హీరోయిన్ తండ్రికి కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్తున్నారు, ఆ రోజు కూలి పోతే ఇల్లెలా గడుస్తోంది, ఏమీ ఉండదు. ఆమె పట్టీల చప్పుడుకి మాత్రం రెండు పేజీలు.

ప్రేమ వద్దనడం లేదు. ఈ కిడ్నీ జబ్బు వల్ల ఉద్దానం సంబంధం అంటేనే వెనకాడేవాళ్లున్నారు, ఆ భయం మధ్య ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు ఎలా నిలబడ్డారో రాసుంటే ఈ నవల నేనే పదిమందికి కొనిచ్చేదాన్ని.