ఆరు బద్దల గాలం కర్ర

చిత్తూరులో మేదర్లు తట్టలకు చీల్చే వెదురు బద్దను ఒకటి తీసి వంచి చూడండి. బలమంతా పైతోలు వైపు నారలోనే ఉంటుంది, లోపలి వైపు బెండులా మెత్తన. ఫ్లై ఫిషింగ్, అంటే ఈగలాంటి నకిలీ ఎర విసిరి చేపలు పట్టే ఆట, దాని కర్ర కథంతా ఈ తేడా మీదే నడిచింది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బాంగర్‌లో హైరమ్ లియోనార్డ్ 1870లలో ఆరు వెదురు బద్దలను అతికించి చేసే కర్రలకు పేరు తెచ్చాడు. 1881లో దుకాణం న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మార్చాడు. బద్దలు కోయడానికి ఆయన యంత్రం పెట్టాడు, దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదట! మొదట్లో వెదురు కలకత్తా నుంచి వెళ్లేది. తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ టోంకిన్ వెదురు దాన్ని పక్కకు నెట్టింది, నార ఒత్తుగా ఉంటుంది కాబట్టి.

పని ఇలా సాగుతుంది. ఎండిన బొంగును చీల్చి, ఒక్కో బద్దను 60 డిగ్రీల త్రికోణంగా చిత్రిక పట్టాలి. పైతోలు వైపు మాత్రం చిత్రిక తగలకూడదు, అక్కడ నార తెగితే కర్ర విరిగేది అక్కడే. కణుపులన్నీ ఒకేచోట పడకుండా బద్దలను ముందుకూ వెనక్కూ జరపాలి. జిగురు పూసి దారం రెండు వైపులా ఎదురెదురుగా చుట్టాలి. ఒకే వైపు చుడితే కర్ర మెలి తిరుగుతుంది, ఆరాక సరిచేయడం పెద్ద తలనొప్పి. పాత రోజుల్లో వాడిన, పశువుల తోలుతో చేసే జిగురు తడికి వదిలేసేది, అందుకే పట్టుదారం కట్లు, వార్నిషు.

1950లో చైనా సరుకుపై అమెరికా ఆంక్షలతో టోంకిన్ వెదురు ఆగింది. అప్పటికే వచ్చిన ఫైబర్‌గ్లాస్ (గాజు నార) కర్రలకు అది కలిసొచ్చింది.