పగ తీరినా చల్లారని కోపం

పొద్దున్నుంచి పట్టిన ముసురు వదలకపోవడంతో ఉతికిన బట్టలన్నీ హాల్లోనే దండెం కట్టి ఆరవేశాను. భోజనాలై, వంటిల్లు సర్దుకున్న తర్వాత, చూడాలనుకుంటూనే చాలా కాలంగా వాయిదా వేస్తూ వచ్చిన జపాను దయ్యాల సినిమాల వరుస ‘జు-ఆన్’లోని మొదటి చిత్రాన్ని ఇవాళ చూశాను. ఇది 2002లో థియేటర్ల కోసం తీసినదీ కాదు, 2004లో హాలీవుడ్‌లో తీసినదీ కాదు. ఆ రెండింటికీ మూలమైన చిత్రం ఇది. 2000లో తోయెయి సంస్థ థియేటర్ల జోలికి పోకుండా నేరుగా వీడియో క్యాసెట్ల రూపంలో విడుదల చేసిన, సుమారు డెబ్బై నిమిషాల చిన్న సినిమా. తర్వాతి రెండూ నేను ఇదివరకే చూసి, చూసిన ప్రతిసారీ భయపడ్డాను. దీన్ని చూసినప్పుడు మాత్రం భయంతో పాటు గుండె బరువెక్కింది. అది ఎందుకో తేల్చుకోకుండా నిద్ర పట్టేలా లేదు కనుక రాస్తున్నాను.

కథ చెప్పుకోవడానికి చిన్నదే. తోక్యోలోని నెరిమా ప్రాంతంలో ఒక మామూలు రెండంతస్తుల ఇల్లు. అందులో తకెయో, అతని భార్య కయాకో, వారి చిన్న కొడుకు తోషియో ఉంటారు. కయాకో తన చదువుకునే రోజుల నాటి సహాధ్యాయి కోబాయాషిని మనసులో ఆరాధిస్తూ, ఆ ఆరాధననంతా ఒక డైరీలో రాసుకుంటుంది. ఆ కోబాయాషే ఇప్పుడు తోషియోకు పాఠాలు చెప్పే మాస్టారు. భర్త ఆ డైరీ చదువుతాడు, కొడుకు తనకు పుట్టినవాడు కాదని అనుమానపడతాడు, భార్యను చంపి అటక మీద దాచిపెడతాడు. తీవ్రమైన కోపంతో చనిపోయిన వారి శాపం వారు బతికిన చోటనే పేరుకుంటుందనీ, దానిని తాకినవారు చనిపోతారనీ, ఆ చావు నుంచి మరో శాపం పుడుతుందనీ సినిమా మొదట్లోనే తెర మీద వేస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారందరికీ జరిగేది అదే.

దర్శకుడు తకాషి షిమిజు తోక్యోలోని ఒక సినిమా పాఠశాలలో దర్శకుడు కియోషి కురొసావా, రచయిత హిరోషి తకాహాషి వంటి భయానక చిత్రాల దిట్టల దగ్గర చదువుకున్నవాడు. 1998లో ఒక టీవీ దయ్యాల కథల సంకలనం కోసం ఆయన మూడేసి నిమిషాల లఘుచిత్రాలు రెండు తీశాడు. కయాకో, తోషియో మొదట కనిపించింది వాటిలోనే. 2000 నాటి ఈ వీడియో చిత్రానికి కూడా చేతిలో ఉన్న డబ్బు చాలా తక్కువ. కానీ ఆ తక్కువతనాన్ని ఆయన ఎంత బాగా వాడుకున్నాడో చూస్తే నాకు గౌరవం కలిగింది. సెట్టు వేయకుండా సైతామా రాష్ట్రంలోని తోకొరొజావాలో ఉన్న నిజమైన ఇంట్లోనే చిత్రీకరించారు కాబట్టి, ఇరుకైన నడవా, నిటారుగా ఉన్న చెక్క మెట్లు, పరుపులు మడిచి పెట్టుకునే గోడ అల్మారా, దాని పైకప్పు పలక జరిపితే కనిపించే అటక, ఇవన్నీ ఎవరో నిన్నటిదాకా కాపురం చేసినట్టే ఉంటాయి. వీడియో తెచ్చే ఆ వెలిసిపోయిన రంగులు కూడా ఇంటి పెళ్ళి క్యాసెట్టులో కనిపించేవే. దయ్యం రావడానికి అర్ధరాత్రీ ఉరుములూ అవసరం లేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగానే వస్తుంది.

కయాకో గొంతులోంచి వచ్చే ఆ కిరకిర శబ్దం సంగతి కూడా అంతే. అది ఏ యంత్రంలోనూ పుట్టింది కాదు, షిమిజు స్వయంగా తన గొంతుతో చేసినది. కయాకోగా వేసిన తకాకో ఫుజి రంగస్థల నటి. ఆమె చేతులు, భుజాలు, మెడ ఒకదానితో ఒకటి పొత్తు లేనట్టు కదులుతూ మెట్ల మీదుగా కిందికి పాకడం కంప్యూటరు సాయంతో చేసిన మాయ అయి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదేమో. అది ఒక మనిషి శరీరం పడుతున్న కష్టంలా కనిపిస్తుంది గనకే చూడలేకపోయాను.

ఒక దృశ్యాన్ని మాత్రం వివరంగా రాసిపెట్టుకోవాలి. ఆ ఇంట్లోకి తర్వాత వచ్చిన మురకామి కుటుంబంలో కన్నా అనే స్కూలు పిల్ల ఉంటుంది. బయటికి వెళ్ళిన కూతురు తిరిగి వచ్చిన అలికిడి విని తల్లి పలకరిస్తుంది. పిల్ల జవాబు చెప్పదు. స్కూలు యూనిఫాంలోనే, వీపు మనవైపు ఉండగా, నెమ్మదిగా మెట్లెక్కుతూ ఉంటుంది. ఆమె నడిచిన దారిలో రక్తపు చుక్కలు కనిపిస్తాయి. తల్లి కంగారుగా వెనకాలే వెళుతుంది. పిల్ల వెనక్కి తిరుగుతుంది. ముఖంలో కింది దవడ లేదు. ఆ ముఖం తెర మీద ఉండేది చాలా కొద్దిసేపే. అయితే నన్ను పట్టి కుదిపినది ఆ ముఖం కాదు, అంతకుముందు తల్లి పలకరింపు. బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లను ఏ తల్లి అయినా ఏ గొంతుతో పలకరిస్తుందో అదే గొంతు, కొంచెం విసుగూ కొంచెం ఊరటా కలిసినది. షిమిజు భయాన్ని ఇంటి మాటల మధ్యలో పెడతాడు. కాబట్టి అది సినిమా అయిపోయాక కూడా ఇంట్లోనే ఉండిపోతుంది.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక కూరగాయలకు వెళ్ళినప్పుడు కూడా నా ఆలోచన కయాకో మీదనే ఉంది. జపానులో అన్యాయంగా చనిపోయినవారి ఆగ్రహం గురించిన నమ్మకం చాలా పాతది. సుగవారా నో మిచిజానె అనే పండితుడైన మంత్రి ప్రత్యర్థుల కుట్రకు గురై, దూరాన దజైఫుకు పంపబడి 903లో అక్కడే చనిపోతే, ఆ తర్వాత రాజధానిలో వచ్చిన చావులకూ, 930లో రాజభవనం మీద పడిన పిడుగుకూ ఆయన కోపమే కారణమని భయపడి, చివరికి ఆయనను దేవుడిని చేసి క్యోతోలో గుడి కట్టారు. ఈనాడు పరీక్షలు రాసే పిల్లలు మొక్కుకునేది ఆయనకే. 1825లో త్సురుయా నంబొకు కబుకి అనే జపాను సంప్రదాయ రంగస్థలం కోసం రాసిన నాటకంలోని ఓయివా సంగతి చూసినా, విషం వల్ల ముఖం వికృతమై చనిపోయిన ఆ ఇల్లాలు తన బతుకును నాశనం చేసిన భర్త ఇయెమోన్‌నే వెంటాడుతుంది. ఈ నాటకం ఆడబోయే ముందు నటీనటులు తోక్యోలోని యోత్సుయాలో ఉన్న ఆమె గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని రావడం నేటికీ ఉన్న ఆచారం. మన పల్లెల్లోనూ అకాలంగా పోయిన ఆడవాళ్ళను పేరంటాళ్ళుగా నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి కొలుస్తారు కదా. ఎక్కడైనా పద్ధతి ఒకటే: ఆ ఆత్మకు జరిగిన అన్యాయాన్ని ఊరంతా ఒప్పుకోవడం, ఒక చోటు చూపించడం, సంవత్సరానికోసారి అయినా పేరు పెట్టి పిలవడం.

కయాకోకు ఇందులో ఒక్కటీ దక్కదు. అంతకంటే ముఖ్యమైనది, మిగిలిన రెండు చిత్రాల్లో నాకు అందక ఇవాళ ఈ వీడియో చూశాకే అర్థమైనది ఒకటి ఉంది. ఆమె పగ కథ మొదట్లోనే తీరిపోయింది. సన్నివేశాలన్నీ కాలక్రమం తప్పి, ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో అధ్యాయంగా వస్తాయి కనుక ఆ సంగతి వెంటనే తెలియదు. వరసలో పెట్టుకుని చూస్తే, ఆమెను చంపిన తకెయోను ఆమె అప్పుడే వీధిలో పట్టుకుని చంపేసింది. ఓయివా కథ అయితే అక్కడితో ముగిసేది. ఇక్కడ కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆమె చేతిలో చనిపోయే మిగతావాళ్ళు కన్నాకు ట్యూషన్ చెప్పడానికి వచ్చిన యుకి, మురకామి కుటుంబంలోని అబ్బాయిని ప్రేమించిన మిజుహో, బడికి రాని విద్యార్థి ఎలా ఉన్నాడో కనుక్కుందామని తలుపు తట్టిన కోబాయాషి. ఒక్కరూ తప్పు చేసినవారు కారు. అందులోనూ కోబాయాషి ఆమె ప్రేమించిన మనిషి. ఇది ప్రతీకారం కాదు. తగలవలసినవాడికి తగిలిన తర్వాత కూడా చల్లారడానికి దారి దొరకని కోపం, ఎదురైన ప్రతివారినీ కాల్చేస్తోంది. ఎవరి మీదనో తెలియని కోపానికి శాంతి చేయించడానికి ఏ పూజారికి మాత్రం మంత్రం తెలుస్తుంది?

ఆమె శవం అటక మీద ఉంటే వెతికినవారు లేరు. ఆ ఇంటికి వచ్చిన ప్రతివారూ తమ తమ పనుల మీద వచ్చినవారే. ఇల్లు ఖాళీ కావడం, మళ్ళీ అద్దెకో అమ్మకానికో పోవడం మాత్రం ఆగదు. జపానులో హత్య, ఆత్మహత్య వంటివి జరిగిన ఇళ్ళ గురించి కొత్తగా వచ్చేవారికి ముందే చెప్పవలసిన బాధ్యత ఇళ్ళ ఏజెంట్ల మీద ఉంది. 2021లో అక్కడి ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అద్దె ఇళ్ళ విషయంలో ఆ బాధ్యత మామూలుగా సుమారు మూడేళ్ళ వరకే. మూడేళ్ళు గడిస్తే, అడిగితే తప్ప చెప్పనక్కరలేదు. ఇళ్ళు దొరకని నగరాల్లో ఇలాంటి నియమం అవసరమేనని తెలుసు. అయినా కయాకో కథ చూసిన రోజున అది గుర్తొస్తే, మనిషి పేరు ఎంత త్వరగా ఇంటి మీద నుంచి చెరిగిపోతుందో కదా అనిపించి బాధ కలిగింది.

ఎవరికీ చెప్పుకోలేనిది కాగితం మీద రాసుకున్నందుకు ఆమె ప్రాణం పోయింది. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్నదాన్ని కనుక, భర్త చేతిలో ఆ పుస్తకం ఉందన్న ఆలోచనకే నా ఒళ్ళు జలదరించింది. మెట్ల దృశ్యం కూడా నన్ను అంతగా భయపెట్టలేదు. కోబాయాషి ఆ ఇంట్లో అదే డైరీని చేతికి తీసుకుని, పేజీల నిండా తన గురించే ఉండడం చూసి నిర్ఘాంతపోతాడు. కయాకో మనసులోని మాట చేరవలసిన మనిషికి చేరిన క్షణం అదొక్కటే. అప్పటికి ఆమె బతికి లేదు.

రాత్రి అక్క ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెబితే, తనూ చూస్తాననీ, వీటిలో ఏది ముందు చూడాలో చెప్పమనీ అడిగింది. సుమారు కోటి డాలర్లతో తీసి పద్దెనిమిది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన హాలీవుడ్ చిత్రమే సులువుగా దొరుకుతుంది. దానికి కూడా షిమిజే దర్శకుడు, కయాకో కూడా తకాకో ఫుజినే. 2002 చిత్రంలో లిఫ్టు పైకి వెళుతున్నప్పుడు అమ్మాయి వెనక, ప్రతి అంతస్తులోనూ తోషియో నిలబడి కనిపించే సన్నివేశం ఈ వీడియోలో లేని పనితనం. అయినా అక్కను ముందుగా 2000 నాటి వీడియోనే వెతికి చూడమన్నాను. కయాకో మెట్ల మీద పాకుతూ రావడం చూడడానికి ముందు, ఆమె ఎవరిని ప్రేమించి ఏం రాసుకుందో తెలిసి ఉండాలని నా పట్టుదల.