అత్త నీళ్ల డబ్బా

రాజోలులో మేనత్త వాళ్లిల్లు సర్దుతుంటే అటక మీద సొట్టలు పడ్డ ప్లాస్టిక్ నీళ్ల డబ్బా దొరికింది. పారేయబోతే "ఒరేయ్, దాని జోలికెళ్లకు" అని ఒక్క అరుపు అరిచింది.

1990లో అత్త కువైట్‌లో ఇంటిపని చేసేది. ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగాక, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరారట. ఎడారిలో గుడారాలు. "ఎర్ర ప్లస్సు గుర్తు బండి కనపడిందంటే నీళ్లొచ్చినట్టేరా. గోదారి ఒడ్డున పుట్టి గ్లాసుడు నీళ్లకి లైన్లో నిలబడ్డాను." అమ్మాన్ నుంచి విమానాల్లో మనవాళ్లు 1,70,000 మందికి పైగా ఇల్లు చేరారు. అందులో అత్త ఒకత్తి.

యుద్ధంలో మామూలు జనాన్ని బందీలుగా పట్టుకోకూడదని, ఆసుపత్రుల మీద దాడి చేయకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం చెబుతుంది. ఆనాడు కువైట్‌లో విదేశీయుల్ని బందీలు చేసిన ఇరాక్ కూడా 1956లోనే అందులో చేరింది! అయినా ఎర్ర ప్లస్సు గుర్తున్న రెడ్ క్రాస్ లాంటి సంస్థల సాయానికీ చోటిచ్చిన ఆ కాగితం పుణ్యాన నీళ్ల బండి ఒకటైనా వచ్చింది కదా అనుకుంటాను.

(అనుమతి లేకుండా ఆ ఎర్ర గుర్తు వాడటం మన 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం నేరం. మా వీధి మందుల షాపు మీద మాత్రం నిక్షేపంలా ఉంది.)

డబ్బా కడిగిచ్చాను. మూత లేదు. అత్త ఇంకా వెతుకుతూనే ఉంది.